పాముచెవుల మేస్త్రి అనుమానం

ఆ పేటలో మోటారు సైకిలు ఉన్న ప్రతివాడికీ ఆయన తెలుసు, ఆయన పేరు మాత్రం తెలియదు. అందరికీ పాముచెవుల మేస్త్రి. షెడ్డులో వెల్లకిలా పడుకుని ఒక బండి కింద చెయ్యి పెట్టి ఉండగానే, మలుపు తిరుగుతున్న ఇంకో బండి చప్పుడు విని "దానికి ప్లగ్గు అయిపోయింది" అనేవాడు. బండి వచ్చి ఆగాక విప్పి చూస్తే ఆ మాట నిజమయ్యేది. జనం మొదట వింతపడ్డారు, తర్వాత అలవాటుపడ్డారు, చివరికి బండికి జబ్బేమిటో చెప్పడమే మానేశారు. తెచ్చి స్టాండు వేసి, ఇంజను స్టార్టు చేసి, డాక్టరు ముందు నాలుక చాపినవాళ్ళలా నిలబడేవారు.

పేట ఒక ఏటవాలు మీద ఉంది. కింద బజారు, మధ్యలో ఇళ్ళు, అన్నిటికన్నా పైన ఆసుపత్రి. వెనక బరువు కట్టుకుని ఆ ఎత్తు ఎక్కాలంటే పాత టూ స్ట్రోకు బండే మేలని అక్కడి చిన్న వ్యాపారుల నమ్మకం. అందుకే మెయిన్ రోడ్డు మీద అద్దాల తలుపులతో కొత్త గ్యారేజీ వెలసినా మేస్త్రి షెడ్డుకు పని తగ్గలేదు.

టూ స్ట్రోకు బండికి ప్రాణమంతా సైలెన్సర్‌లో ఉంటుందని ఆయన అనేవాడు. సైలెన్సర్ తోక చివర లోపలికి దూర్చి, ఒక స్క్రూతో బిగించే చిల్లుల గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని బేఫిల్ అంటారు. చూడటానికి లావుపాటి పిల్లనగ్రోవిలా ఉంటుంది. దాని పని రెండు రకాలు. ఇంజను పేల్చే చప్పుడును ముక్కలు చేసి మెత్తబరచడం ఒకటి. బయటికి పోయే పొగకు కాస్త అడ్డు తగిలి, ఆ విసురులో కొంత వెనక్కి తన్నేలా చేయడం రెండోది. టూ స్ట్రోకులో పొగ పోయే దారీ, కొత్త పెట్రోలు వచ్చే దారీ కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. వెనక్కి తన్నే విసురు లేకపోతే కాలాల్సిన పెట్రోలు కాలకుండానే పొగ వెంట జారిపోతుంది. బేఫిల్ మసితో మూసుకుపోయిన బండి ఉబ్బసం రోగిలా మూలుగుతుంది. అసలు బేఫిల్లే లేని బండి ఊరంతా వినబడేలా అరుస్తుంది కానీ, మెల్లగా ఎత్తు ఎక్కాల్సి వస్తే దాని కాళ్ళలో సత్తువ ఉండదు. "నోరు పెద్దది, పని సున్నా" అని మేస్త్రి అలాంటి బళ్ళను ఈసడించేవాడు. చప్పుడు కోసం బేఫిల్ తీసెయ్యమని ఎవరైనా కుర్రకారు వస్తే, ముందు మీ అమ్మనో నాన్ననో తీసుకురమ్మని పంపేసేవాడు.

బేఫిల్ శుభ్రం చేసి తిరిగి బిగించడంలోనే ఆయన పేరంతా ఉంది. పాత సైలెన్సర్ల నోరు అరిగిపోయి ఉంటుంది. స్క్రూ బిగిసినట్టే ఉంటుంది, లోపల గొట్టం మాత్రం సందులో ఆడుతుంటుంది. స్క్రూ తిప్పే చేతికి ఆ సంగతి తెలియదు. ఇంజను పెంచినప్పుడు సన్నగా లొడలొడమంటుంది, అంతే. అది వినపడితే విప్పి, పల్చటి రేకు ముక్క చుట్టి మళ్ళీ బిగించాలి. వినకుండా వదిలేస్తే ఆ అదురుకు స్క్రూ మెల్లమెల్లగా వదులై, ఏదో ఒకరోజు బేఫిల్ దారిలో రాలిపోతుంది.

ఆయన చేతి మీదుగా వెళ్ళిన బండికి అలా రాలిపోవడం ఏనాడూ లేదు. ఆ ఏడాది వరకు.

మొదట వచ్చింది ఎదురు కొట్టు దర్జీ బండి. దర్జీ నెమ్మది మనిషి, గొంతు ఎత్తి ఎరగడు. ఆరోజు బండి దిగుతూనే, "మేస్త్రీ, వీధిలో ఉన్న కుక్కలన్నీ నా వెనకే వస్తున్నాయి. పెళ్ళి ఊరేగింపనుకున్నాయో ఏమో" అన్నాడు. మేస్త్రి వంగి చూశాడు. సైలెన్సర్ తోకలో బేఫిల్ లేదు. స్క్రూ ఉండాల్సిన చోట ఉత్త చిల్లు ఉంది. పోయిన వారమే తను శుభ్రం చేసి బిగించిన బండి అది.

"ఎక్కడైనా గోతిలో పడ్డావా?"

"నేను గోతిలో పడితే పడతాను గానీ బండిని పడనివ్వను" అన్నాడు దర్జీ.

మేస్త్రి ఇంకో బేఫిల్ వేసి పంపాడు. ఏదో పొరపాటు అనుకుని ఊరుకునేవాడే. కానీ కొద్ది రోజులకే నర్సమ్మ బండి అలాగే వచ్చింది. ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు ఆవిణ్ణి ఆపేశాడట. రోగులు ఉలిక్కిపడుతున్నారు, బండి బయట పెట్టి నడిచి రమ్మన్నాడట. ఆ తర్వాత రేడియోలు బాగుచేసే ఆయన బండి. మూడు బళ్ళూ తను చూసినవే, మూడూ తను స్క్రూ బిగించినవే.

ఒకసారి జరిగితే పొరపాటు. మూడుసార్లు జరిగితే దాని వెనక ఒక మనిషి ఉండాలి. మేస్త్రి అలా లెక్క వేసుకున్నాడు. తను బిగించిన స్క్రూ దానంతట అది ఊడదు. ఎవరో ఊడదీయాలి.

అనుమానం ఆయనకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఈ మధ్యే పట్టుకుంది. కొంతకాలంగా తన చుట్టూ ఉన్నవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుతున్నారని ఆయనకు అనిపిస్తోంది. బండ్లు తెచ్చినవాళ్ళు నోట్లోనే ఏదో గొణుగుతారు. ఏమిటని అడిగితే ఏం లేదులే అంటారు. ఇంట్లో మరీ అన్యాయం. భార్యా, ఆవిడ తమ్ముడూ వంటింట్లో నిలబడి గుసగుసలాడతారు. ఆయన గుమ్మంలోకి రాగానే ఇద్దరూ ఆపేస్తారు. ఓ రోజు ఆయన కొత్త చెప్పులు వేసుకుని ఇంటికి వస్తే, భార్య ఆ చెప్పులకేసి చాలాసేపు చూసి, కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. చెప్పులు మార్చుకోమని పొద్దున తనే కదా చెప్పింది? మళ్ళీ ఈ ఏడుపు ఏమిటి? ఆయనకు అర్థం కాలేదు. అర్థం కానిదంతా అనుమానం సంచిలోకి వెళ్ళింది.

ఆ బావమరిదే షెడ్డులో ఆయన కుడిభుజం. మీసాలు రాకముందు బావ దగ్గర పనికి చేరాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. బావ మాటకు ఎదురు చెప్పి ఎరగడు. పొద్దున్నే వచ్చి షెడ్డు తాళం తీసేది అతనే. మేస్త్రి టీ తాగి నింపాదిగా వచ్చేసరికి ఊడ్చి, పనిముట్లు వరసగా పెట్టి ఉంచేవాడు.

ఒకనాడు మేస్త్రి మామూలు కన్నా ముందే వచ్చాడు. పని పూర్తయి ముందురోజు సాయంత్రం నుంచి నిలబెట్టి ఉన్న బండి వెనక బావమరిది గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. బావను చూడగానే గబుక్కున లేచాడు.

"ఏం చేస్తున్నావు?"

"తుడుస్తున్నాను బావా."

"స్క్రూడ్రైవర్‌తోనా?"

బావమరిది చేతిలోకి చూసుకుని, దాన్ని జేబులో పెట్టుకుని, చీపురు వెతకడానికి వెళ్ళిపోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకున్నాడు మేస్త్రి.

ఆ వారమే ఇంకో సంగతి కంటబడింది. బజారుకు వెళ్ళి వస్తుంటే మెయిన్ రోడ్డు గ్యారేజీ ముందు బావమరిది నిలబడి ఉన్నాడు. అద్దాల తలుపు తీసుకుని గ్యారేజీ యజమాని బయటికి వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. బావమరిది తల ఊపుతూ, కాగితం ముక్క తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రి కిళ్ళీ కొట్టు చాటున నిలబడి అంతా చూశాడు. వినడానికి దూరం ఎక్కువ. కానీ చూసింది చాలనుకున్నాడు. పాత షెడ్డు పేరు చెడగొట్టి, బేరాలన్నీ కొత్త గ్యారేజీకి మళ్ళించి, చివర్న తనూ అక్కడికి చేరిపోవడం. కంచే చేను మేస్తే కాపలా ఎవరు కాస్తారు?

అయినా ఆయన తొందరపడలేదు. తొందరపడి నింద వేస్తే ఇంట్లో ఆవిడ ముందు తనే తేలిపోతాడు. రుజువు కావాలి. భార్య అద్దం దగ్గర ఉన్న గోళ్ళరంగు సీసా జేబులో వేసుకున్నాడు. ఆ సాయంత్రం బేఫిల్ బిగించిన ప్రతి బండికీ, స్క్రూ తల మీద సగం, పక్కన గొట్టం మీద సగం పడేలా సన్నటి గీత గీశాడు. స్క్రూను ఎవరైనా కదిపితే గీత రెండు ముక్కలవుతుంది.

మర్నాడు పొద్దున వచ్చి, బావమరిది నీళ్ళు తేవడానికి వెళ్ళిన సమయం చూసుకుని వంగి చూశాడు. ఒక బండి మీద గీత చెక్కుచెదరలేదు. పక్క రెండు బళ్ళ మీద మాత్రం స్క్రూ మీది రంగు ఒకవైపు, గొట్టం మీది రంగు ఒకవైపు ఉన్నాయి.

ఆయన పాత టైరు మీద కూలబడ్డాడు. అనుమానించడం వేరు, కళ్ళతో చూడటం వేరు. పిల్లవాడిగా ఉన్నప్పుడు ఆ చేతికి స్పానరు ఎలా పట్టుకోవాలో నేర్పింది తను. మొదటిసారి చెయ్యి కాల్చుకుంటే మందు రాసింది తను. నీళ్ళ బిందెతో తిరిగొచ్చిన బావమరిది, "ఏంటి బావా, ఒంట్లో బాలేదా?" అన్నాడు. మేస్త్రి అతని పెదాలకేసి చూసి, మొహం తిప్పుకున్నాడు.

ఇంటికి వెళ్ళాక భార్యతో అన్నాడు. "మీ తమ్ముడు నా కొంప ముంచుతున్నాడు."

ఆవిడ చేస్తున్న పని ఆపి, గీతల సంగతి, గ్యారేజీ సంగతి అంతా వింది. విన్నంతసేపూ ఆవిడ మొహంలో కోపం లేదు, ఆశ్చర్యమూ లేదు. అదే ఆయనకు మరీ అనుమానం కలిగించింది.

"వాడు మీకు ద్రోహం చేస్తాడా అండీ? మీరే ఆలోచించండి."

"రక్తం రక్తాన్నే వెనకేసుకొస్తుంది" అన్నాడు ఆయన.

ఆవిడ పొయ్యి వైపు తిరిగింది. అటు తిరిగాక మెల్లగా ఏదో అంది. గొణుగుడు. ఆయన పళ్ళు కొరుక్కున్నాడు.

ఆలోచించి ఆలోచించి ఒక ఎత్తు వేశాడు. దొంగను ఇంట్లోంచి బయటికి పంపి చూస్తే, దొంగతనం ఆగుతుందో లేదో తెలిసిపోతుంది. పాత ఇంజను సామాను తక్కువకు దొరుకుతుందన్న నెపంతో బావమరిదిని పక్క పట్నానికి వెళ్ళి వారం రోజులుండి, మంచివి ఏరి తెమ్మన్నాడు.

బావమరిది గతుక్కుమన్నాడు. "ఇప్పుడెందుకు బావా? బేకరీ ఆయన బండి పనుంది. అది అయ్యాక వెళ్తానులే."

"ఆ బండి నేను చూస్తాను."

"ఆ సైలెన్సర్ బాగా అరిగిపోయింది బావా. దాని దగ్గర నేను కూడా ఉంటే..."

"నేను చూడలేనా?"

బావమరిది తల వంచుకున్నాడు. "అది కాదు" అన్నాడు. వెళ్ళడానికి అతను అంతగా వెనకాడటం చూసి మేస్త్రి అనుమానం గట్టిపడింది. ఆ సాయంత్రం బస్సు ఎక్కించి, షెడ్డు తాళం తన నడుముకు కట్టుకుని ఇంటికి వచ్చాడు.

ఆ వారం ఆయన చాలా ఉత్సాహంగా పనిచేశాడు. ఊడ్చుకున్నాడు, నీళ్ళు తెచ్చుకున్నాడు, పనిముట్లు పరుచుకున్నాడు. బేకరీ ఆయన బేఫిల్‌ను కాల్చి మసంతా రాలగొట్టి, చిల్లులన్నీ తీగతో పొడిచి, మెరిసేలా రుద్ది బిగించాడు. స్టార్టు చేసి, పెంచి, తల ఒక పక్కకు వాల్చి విన్నాడు. గుండ్రటి, మెత్తటి, ఎక్కడా అదురు లేని చప్పుడు. గీత గీశాడు. పొద్దున వచ్చి చూస్తే ఒక్క బండి మీద కూడా గీత చెదరలేదు. ఆయన తనలో తను తల ఊపుకున్నాడు. లెక్క సరిపోయింది.

బేకరీ ఆయన వచ్చి బండి తీసుకున్నాడు. స్టార్టు చేసి, ఏదో అన్నాడు. మేస్త్రి తల ఊపి చెయ్యి ఎత్తాడు. బండి ఎత్తు వైపు వెళ్ళిపోయింది.

వారం ఇంకా సగం కూడా కాలేదు. దర్జీ బండి మళ్ళీ కుక్కల ఊరేగింపుతో వచ్చింది. మేస్త్రి నమ్మలేదు. బహుశా బావమరిది వెళ్ళేముందే దీన్ని వదులు చేసి ఉంటాడు అనుకున్నాడు. నర్సమ్మ బండి వచ్చింది. దీన్నీ వాడే చేసి ఉంటాడు. అలా సర్దిచెప్పుకుంటూ ఉండగానే, నర్సమ్మ ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది.

"బేకరీ ఆయన పడిపోయాడు. మా ఆసుపత్రిలోనే ఉన్నాడు. వెళ్ళి చూడు."

రొట్టెల పెట్టెలు వెనక కట్టుకుని ఎత్తు ఎక్కుతుండగా సగం దారిలో ఏదో ఠంగుమని రాలిందట. ఆ మరుక్షణం బండి చెవులు బద్దలయ్యేలా అరుస్తూనే బలం తప్పింది. ఫస్టు గేరుకు దించినా లాగలేదు. ఇంజను ఆగిపోయి, బరువుకు వెనక్కి జారి, పక్కకు పడింది. చెయ్యి కింద పెట్టినందుకు మణికట్టు ఎముక చిట్లింది. రొట్టెలన్నీ రోడ్డు మీద దొర్లాయి.

మేస్త్రి ఆసుపత్రిలో అతని మంచం పక్కన నిలబడ్డాడు. కట్టు కట్టిన చేతిని దిండు మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు బేకరీ ఆయన. ఇద్దరిదీ పాతికేళ్ళ పరిచయం.

"ఎవరు చేశారో నాకు తెలుసు. నువ్వేం దిగులుపడకు, నేను వాణ్ణి వదలను" అన్నాడు మేస్త్రి.

బేకరీ ఆయన అయోమయంగా చూశాడు. మంచం మీద కాస్త లేచి కూర్చుని, గొంతు పెంచాడు. "ఎవరు చేయడమేంటి మేస్త్రీ? నువ్వు ఇచ్చినప్పుడే లొడలొడ మోగుతోంది కదా."

"ఏది?"

"బేఫిల్లు. స్టార్టు చేయగానే వినపడింది. లోపల ఆడుతున్నట్టుంది మేస్త్రీ, పర్లేదా అని అడిగా. నువ్వు తలూపి పొమ్మన్నావు. పాముచెవుల మేస్త్రే పర్లేదన్నాక మనకేం తెలుస్తుందిలే అని బయల్దేరాను."

మేస్త్రికి అతను ఏదో అనడం, తను తల ఊపడం గుర్తున్నాయి. అతను ఏమన్నాడో మాత్రం గుర్తులేదు. మరిచిపోవడం వల్ల కాదు. ఆ మాట ఆయనకు చేరనే లేదు. డబ్బులు తర్వాత ఇస్తాననో, వస్తాననో అంటున్నాడనుకుని చెయ్యి ఎత్తాడు. ఈ మధ్య ఎంతమందికి అలా తల ఊపాడు?

ఎత్తు దిగి నడుచుకుంటూ షెడ్డుకు వచ్చాడు. మూలన పడి ఉన్న పాత బండిని బయటికి లాగి, దాని సైలెన్సర్‌లోకి కావాలనే వదులుగా ఉండే బేఫిల్ ఒకటి దూర్చి, స్క్రూ సగమే తిప్పి వదిలాడు. అది మోగి తీరాలి. స్టార్టు చేసి పెంచాడు. గుండ్రటి, మెత్తటి, ఎక్కడా అదురు లేని చప్పుడు. ఇంకా పెంచాడు. అదే చప్పుడు. ఎదురు కొట్టులోంచి దర్జీ తల బయటపెట్టి, మొహం చిట్లించి, రెండు చెవులూ మూసుకున్నాడు.

మేస్త్రి గోనెపట్టా మడిచి వేడి సైలెన్సర్ తోక మీద వేసి, దాని మీద అరచెయ్యి ఆనించాడు. చేతి కింద బేఫిల్ బోనులో ఎలుకలా కొట్టుకుంటోంది. చెయ్యి చెబుతోంది, చెవి కాదంటోంది. ఇన్నాళ్ళూ ఆయన నమ్మింది చెవినే.

ఇంజను ఆపేశాక ఇంకో పని మిగిలింది. బావమరిది ఊరు వెళ్ళేముందు గీత చెదిరిన బళ్ళలో ఒకటి ఇంకా షెడ్డులోనే ఉంది, క్లచ్చు తీగ కోసం ఆగింది. ఆ స్క్రూ విప్పి బేఫిల్‌ను బయటికి లాగాడు. గొట్టం చుట్టూ ఒక రేకు ముక్క ఉంది. నూనె డబ్బాలోంచి కత్తిరించి, అంచులు సాపు చేసి, సరిగ్గా ఒక్క చుట్టు వచ్చేలా చుట్టిన ముక్క. అది ఆయన పెట్టింది కాదు. అలా అంచులు సాపు చేసి చుట్టాలని ఆయన ఒక్కడికే నేర్పాడు.

గీత చెదరని బండి ఉందే, అది అసలు మోగని బండి. మోగిన రెండింటినీ ఎవరో విప్పి, రేకు చుట్టి, మళ్ళీ బిగించారు. రాలిపోయినవన్నీ ఆ ఎవరో చూడలేకపోయినవి, ఏ సాయంత్రమో యజమాని వచ్చి తొందరగా పట్టుకుపోయినవి. చుట్టూ ఎవరూ లేకపోయినా మేస్త్రి సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ఇంటికి వెళ్ళి భార్య ఎదురుగా కూర్చున్నాడు. "నాకు వినపడటం లేదు" అన్నాడు.

ఆవిడ స్టూలు దగ్గరికి లాక్కుని, ఆయనకు మొహం కనపడేలా కూర్చుంది. "తెలుసండీ."

"ఎప్పటి నుంచి?"

"రెండేళ్ళ పైనే. సన్నటి మాటలు అందడం లేదు మీకు. నేను మూడుసార్లు చెప్పాను. చెవులు చూపించుకోండి, చెవులు చూపించుకోండి అని పోరితే, వెళ్ళి చెప్పులు కొనుక్కొచ్చారు."

మేస్త్రి తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నించి ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. చివరికి ఆయనకూ నవ్వు వచ్చింది.

"మరి గట్టిగా చెప్పొచ్చుగా?"

"గట్టిగా చెబితే ఎందుకు అరుస్తావు అంటారు. మెల్లగా చెబితే ఏంటి గొణుగుడు అంటారు. తమ్ముడు చెప్పనివ్వలేదు. బావకు ఆ పేరే ప్రాణం అక్కా, వీధిలో తెలిస్తే తట్టుకోలేడు, వెనకాల నేను సర్దుతాలే అన్నాడు."

"గ్యారేజీ వాడితో ఏం మాట్లాడాడు మరి?"

"వాళ్ళ నాన్నకు చెవికి మిషను పెట్టించారట. ఏ డాక్టరో కనుక్కుని రాసుకొచ్చాడు. ఆ కాగితం అల్మరాలోనే ఉంది. మీకు ఎలా ఇవ్వాలో తెలియక ఇద్దరం దాన్ని చూసుకుంటూ కూర్చున్నాం."

బావమరిది బస్సు దిగి సంచితో షెడ్డుకు వచ్చేసరికి మేస్త్రి గుమ్మంలోనే ఉన్నాడు. అతని మొహం చూస్తే బేకరీ ఆయన సంగతి దారిలోనే తెలిసిందని అర్థమవుతోంది. సంచి దించి, ఏ మాట పడుతుందో అని నిలబడ్డాడు.

మేస్త్రి రేకు ముక్కను అతని చేతిలో పెట్టాడు. "నిన్ను దొంగవనుకున్నాను రా."

"తెలుసు బావా. గీతలు చూశాను."

"చూసి కూడా విప్పావా?"

"మోగుతున్నాయి మరి. వదిలేస్తే ఎవరో ఒకరు పడతారు." అతను మళ్ళీ అన్నాడు, ఈసారి బావ కళ్ళలోకి చూస్తూ, నోరు బాగా తెరిచి. "తప్పు నాది కూడా. నీకు చెప్పాల్సింది. నీ పేరు కాపాడదామనుకున్నా. చివరికి బేకరీ ఆయన చెయ్యి విరిగింది."

ఇద్దరూ చేసిందీ దాచడమే, ఒకరు తెలిసి, ఒకరు తెలియక. మేస్త్రి బావమరిది సంచి తీసుకుని లోపల పెట్టాడు.

బేకరీ ఆయన చెయ్యి కుదిరేదాకా మేస్త్రే పొద్దున్నే రొట్టెల పెట్టెలు కట్టుకుని ఆ ఎత్తు ఎక్కాడు. రేకు చుట్టి, బావమరిది విని సరే అన్న బండి మీద. ప్రతి గుమ్మం దగ్గరా రొట్టె ఇస్తూ తనకు సరిగా వినపడదని తనే చెప్పాడు. మొదటి ఇంట్లో చెప్పడానికి నాలుక తిరగలేదు. తర్వాత తేలికైంది. కొందరు అయ్యో అన్నారు. కొందరు అప్పటికే తెలుసన్నట్టు తల ఊపారు. ఆ నెలలో నలుగురైదుగురు బళ్ళను అద్దాల గ్యారేజీకి మళ్ళించారు. అందులో రేడియోల ఆయన ఒకడు. మేస్త్రి వాళ్ళను తప్పుపట్టలేదు. బేకరీ ఆయన మాత్రం బండిని ఎటూ తీసుకెళ్ళలేదు. అలాగని క్షమించాననీ అనలేదు. రొట్టెలు పంచి వచ్చాక పెట్టెలు తిరిగి ఇస్తుంటే, "రేపు కాస్త ముందు రా, ఆసుపత్రి వాళ్ళు ఆలస్యమైందంటున్నారు" అనేవాడు.

డాక్టరు పరీక్ష చేసి, ఇన్నేళ్ళు టూ స్ట్రోకు బళ్ళ దగ్గర తల పెట్టుకుని కూర్చుంటే ఇలాగే అవుతుందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది నిలుపుకోవాలని చెప్పాడు. మోటు చప్పుళ్ళు వినపడతాయి, సన్నవి అందవు, మాటల్లో అంచులు పోతాయి అన్నాడు. అందుకే అందరూ గొణిగినట్టు ఉంటుందట. చెవికి మిషను పెట్టాడు. ఇంజను స్టార్టు చేసేటప్పుడు అది తీసి, చెవుల్లో దూది పెట్టుకోవాలన్నాడు. బావమరిదికి కూడా దూది వాడమని అప్పుడే చెప్పాడు. మేస్త్రి దగ్గరుండి ఒక కట్ట కొనిపించాడు.

ఇప్పుడు షెడ్డులో పని అలా నడుస్తోంది. మసి కాల్చడం, చిల్లులు పొడవడం, బిగించడం మేస్త్రి పని. చివరి మాట బావమరిదిది. అతను వద్దంటే బండి గుమ్మం దాటదు. అనుమానం మాత్రం మేస్త్రిని పూర్తిగా వదల్లేదు. ఎవరైనా పెదవి కదిపితే ఇప్పటికీ తన గురించే అనుకుంటాడు. అప్పుడు తల ఊపకుండా, "ఏమన్నావు? మళ్ళీ చెప్పు" అంటాడు. అడగటం నేర్చుకోవడమే ఆయనకు అన్నిటికన్నా కష్టమైంది.

మిషను పెట్టుకున్న మొదటి రోజు ఆయన షెడ్డు ముందు పని లేకుండా కూర్చున్నాడు. ఎదురు కొట్టులోంచి చకచకమని సన్నటి చప్పుడు వస్తోంది. కాసేపు విని, రోడ్డు దాటి వెళ్ళాడు.

"కొత్త కుట్టుమిషను ఎప్పుడు కొన్నావు?"

దర్జీ పాదం ఆపాడు. "పెళ్ళైన ఏడు కొన్నదే మేస్త్రీ. రోజంతా తొక్కుతూనే ఉంటాగా."

మేస్త్రి అక్కడున్న ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. "తొక్కు" అన్నాడు.